ఫ్యాషన్ రంగం నేపథ్యంగా డిటెక్టివ్ నవల ఎలా రాయాలి?

ఫ్యాషన్ ప్రపంచంలో హత్య అనగానే చాలామందికి ర్యాంపు మీద కుప్పకూలిన మోడల్ గుర్తుకు వస్తుంది. ఆ దృశ్యంతో నవల మొదలుపెట్టడంలో తప్పు లేదు. అయితే ఆ మోడల్ స్థానంలో సినిమా నటినో బ్యాంకు ఉద్యోగినినో ఉంచినా కథ యథాతథంగా నడిచిపోతుందంటే, ఫ్యాషన్ రంగం మీ నవలలో రంగుల తెరగా వేలాడుతోందే తప్ప కథలోకి దిగలేదని అర్థం.

నిజజీవితంలో జరిగిన నేరాలను చూసినా ఈ తేడా తెలుస్తుంది. 1995 మార్చి 27న మిలాన్‌లో గుచ్చి ఫ్యాషన్ సంస్థ మాజీ అధిపతి మౌరిజియో గుచ్చి తన కార్యాలయం మెట్ల దగ్గర కాల్పులకు బలయ్యాడు. కిరాయి హంతకుణ్ణి పెట్టి ఆ పని చేయించినందుకు అతని మాజీ భార్యకు 1998లో శిక్ష పడింది. 1997 జూలై 15న మయామీ బీచ్‌లో ఫ్యాషన్ డిజైనర్ జాన్నీ వెర్సాచీని అతని ఇంటి ముందే కాల్చి చంపారు. ఈ రెండు కేసుల్లోనూ చనిపోయినవారు ఫ్యాషన్ రంగంలో మహా ప్రముఖులే కానీ, నేరాన్ని తేల్చడంలో బట్టకు పాత్ర లేదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించిన ఘటన ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ ఏయే విదేశీ కంపెనీల దుస్తులు కుట్టించారో నిరూపించడానికి కార్మిక సంఘాలవారు శిథిలాల మధ్య దుస్తుల లేబుళ్లను వెతికి పట్టుకోవలసి వచ్చింది. మెడ వెనుక కుట్టే ఆ చిన్న గుడ్డముక్కే సాక్ష్యం చెప్పింది. మీ నవలకు నమూనాగా నేను చూపించేది మిలాన్ కేసునో మయామీ కేసునో కాదు, ఈ గుడ్డముక్కను.

దోషిని పట్టించే ఆధారం బట్టలోనుంచి, బట్టతో చేసే పనిలోనుంచి రావాలి. దాన్ని పాఠకుడి కళ్ల ముందే, వర్ణన రూపంలో, పరిచి పెట్టాలి. ఇదెలా సాధించాలో హైదరాబాద్, పోచంపల్లి ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుని అంచెలంచెలుగా చెబుతాను.

మొదట ఒక గదిని, ఒక పనిని ఎంచుకోండి

ఫ్యాషన్ రంగమంతా మీ నవలలో పట్టదు. నూలు మొదలుకొని ర్యాంపు దాకా ఒక చీర ఎన్నో చేతులు మారుతుంది. వాటిలో ఒక్క చోటును ఎంచుకుని, అక్కడ జరిగే పనిని మీరు క్షుణ్ణంగా తెలుసుకోవాలి. తెలుగు రచయితకు హైదరాబాద్ ఇచ్చే అనుకూలత చాలా పెద్దది. ఇక్కడ డిజైనర్ స్టూడియోలు ఉన్నాయి, మాదాపూర్‌లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఉంది, వీధి వీధికీ మగ్గం వర్క్ చేసే దుకాణాలు ఉన్నాయి, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పోచంపల్లి ఉంది. ఉదయం నేతగాడి ఇంట్లో ఉన్న పాత్ర సాయంత్రానికి బంజారాహిల్స్ స్టూడియోలో ఉండగలదు. ఒక్క రోజు కథలోనే రెండు లోకాలూ చూపించవచ్చు.

నా మటుకు నేను మగ్గం వర్క్ గదిని ఎంచుకోమంటాను. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి, దాని చుట్టూ పనివాళ్లు నేల మీద కూర్చుని, కొస కొక్కెంలా ఉండే ఆరీ సూదితో కుట్టే ఆ గదిలో మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. అక్కడ డిజైన్‌ను బట్ట మీదికి ఎక్కించే తీరును దగ్గరగా గమనించండి. ముందు బటర్ పేపర్ మీద పువ్వులూ తీగలూ గీస్తారు. ఆ గీతల వెంబడి సూదితో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడుస్తారు. కాగితాన్ని బట్ట మీద పరచి, కిరసనాయిలులో కలిపిన పొడిని గుడ్డతో అద్ది మెల్లగా రుద్దుతారు. కాగితం ఎత్తగానే బట్ట మీద చుక్కల తీగ కనిపిస్తుంది. కిరసనాయిలు కాసేపట్లో ఆరిపోతుంది కానీ, ఆ వాసన గదిలో కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇప్పుడు డిటెక్టివ్ నవలా రచయితగా ఆలోచించండి. ఆ కాగితం కింద ఇంకో తెల్ల కాగితం పెట్టి పొడిస్తే రెండు కాగితాల మీదా అవే రంధ్రాలు పడతాయి. సూది ఒకచోట జారి తీగ పక్కన అదనంగా ఒక రంధ్రం పడిందనుకుందాం. దొంగ కాగితం మీద కూడా అది అదే చోట ఉంటుంది. డిజైన్ దొంగతనం ఒక్క సూది రంధ్రంతో రుజువవుతుంది. ఇలాంటి సంగతి మీకు గూగుల్‌లో వెతికితే తట్టదు, ఆ గదిలో కూర్చుంటేనే తడుతుంది. కనీసం మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. నవల రాస్తున్నానని దాచకుండా చెప్పండి. అక్కడి డిజైన్లను మాత్రం ఫొటో తీయకండి. అవి వారి అన్నం.

హత్యకు కారణం ఆ పనిలోనే వెతకండి

ఆస్తి, అసూయ, ప్రేమ ఏ రంగంలోనైనా ఉంటాయి. ఈ రంగంలో మాత్రమే పుట్టగల కారణం ఏమిటని ప్రశ్నించుకోండి. నా దృష్టిలో అది పేరుకు సంబంధించిన అన్యాయం. నమూనా ఊహించినవారు ఒకరు, అద్దకం కోసం పోగులకు కట్లు కట్టినవారు ఒకరు, నేసినవారు ఒకరు, లేబుల్ మీద పేరు మాత్రం మరొకరిది. నెలల తరబడి చేతులు కాయలు కాసేలా పనిచేసిన మనిషి, తన చీరను టీవీలో ఎవరో తమదిగా చెప్పుకోవడం చూసినప్పుడు ఆ గుండెలో ఏం జరుగుతుందో మీరు రాయగలిగితే, నవలకు ప్రాణం వచ్చినట్టే. ఆ బాధ పడినవాడే హంతకుడు కానవసరం లేదు. ఆ బాధ బయటపడితే నష్టపోయేవాడు హంతకుడు కావడం నాకు మరింత న్యాయంగా తోస్తుంది.

ఈ అన్యాయానికి చట్టం చుట్టూ ఉన్న చిక్కుముడులు మీకు బాగా పనికొస్తాయి. 1957 కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా నమోదు చేయించుకునే వీలుండీ చేయించుకోని నమూనాను, హక్కుదారుగానీ ఆయన అనుమతి పొందినవారుగానీ పారిశ్రామిక ప్రక్రియ ద్వారా యాభైకి మించి వస్తువుల మీద ఉపయోగిస్తే, దాని మీద కాపీరైట్ పోతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే పదేళ్ల రక్షణ, ఆపై మరో ఐదేళ్ల పొడిగింపు ఉంటాయి. కానీ నమోదుకు ముందే ఆ డిజైన్ జనానికి బహిరంగమైతే కొత్తదనం పోయినట్టే. ఈ రెండు నియమాల మధ్య ఒక మంచి కథ దాగి ఉంది. యాభై చీరలు అమ్ముడయ్యాయి, యాభై ఒకటో చీర నేతకు వెళ్లిందా లేదా అన్నది ఒక పాత చలానా పుస్తకంలోనే ఉంది, ఆ పుస్తకం రాసే గుమాస్తా చనిపోయాడు అనుకోండి. కోట్ల రూపాయల వ్యాజ్యం ఒక్క చీర లెక్క మీద ఆధారపడుతుంది, ఆ లెక్క తెలిసిన మనిషి ఇక లేడు. నేతపని పారిశ్రామిక ప్రక్రియ కిందికి వస్తుందా అన్న వాదనను కూడా మీ పాత్రల చేత చేయించవచ్చు. దానికి ముందు ఒక న్యాయవాదితో అరగంట కూర్చుని అడిగి తెలుసుకోండి.

ఒక ప్రాంతపు సరుకుకే ఆ పేరు వాడుకునే హక్కునిచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) మరో దారి. పోగులకు ముందే రంగులద్ది నేసే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ఆ గుర్తింపు దక్కింది. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 నాటి చట్టం చెబుతోంది. మరమగ్గం సరుకునో అచ్చు వేసిన బట్టనో చేనేతగా అమ్మే వ్యాపారం చుట్టూ కథ అల్లాలనుకుంటే, ఈ చట్టాలు మీ దోషికి భయాన్నీ, మీ పరిశోధకుడికి పట్టునూ ఇస్తాయి.

ఆధారాన్ని ముందు తేల్చుకుని వెనక్కి నడవండి

చాలామంది హత్య జరిగిన తీరు ముందు ఊహించి, ఆధారాల కోసం తరువాత తడుముకుంటారు. ఈ రకం నవలకు ఆ పద్ధతి కుదరదు. బట్ట చెప్పగలిగే ఒక నిజాన్ని ముందు పట్టుకోవాలి. ఆ నిజం ఎవరిని పట్టిస్తుందో చూసి వారిని దోషిగా చేయాలి, ఆపైనే హత్యను నిర్మించుకోవాలి. బట్ట ఏయే నిజాలు చెప్పగలదో నాకు తెలిసినంతలో వివరిస్తాను.

అన్నిటికంటే గొప్ప సాక్షి ఇక్కత్. ఇందులో రంగు అద్దకం నేతకు ముందే జరుగుతుంది. గ్రాఫు కాగితం మీద నమూనా గీసుకుని, పోగులను కట్టలుగా చేర్చి, రంగు తగలకూడని చోట గట్టిగా కట్లు కడతారు. ఇందుకు సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి వాడటం పోచంపల్లిలో మామూలే. రంగులో ముంచి ఆరబెట్టి, కట్లు విప్పి, వేరే చోట కట్టి మళ్లీ ముంచుతారు. నమూనా పలుమార్లు రావలసి ఉంటే, ఆ పోగులన్నిటినీ ఒకే కట్టు కింద చేరుస్తారు. ఇక్కడే మీకు కావలసినది ఉంది. కట్టు ఒకటి వదులైతే రంగు లోపలికి చేరుతుంది. అప్పుడు ఆ మరక ఆ కట్టు కింద ఉన్న ప్రతి పోగు మీదా, అంటే నమూనా వచ్చిన ప్రతి చోటా, పునరావృతం అవుతుంది. నేతలో జరిగే తేడా ఏ చీరకు ఆ చీరదే. కట్టులో జరిగిన తప్పు మాత్రం ఒకే పడుగు (మగ్గానికి బిగించే నిలువు పోగులు) నుంచి వచ్చిన చీరలన్నిటినీ తోబుట్టువుల్లా కలుపుతుంది. రెండు చీరలు ఒకరి ఇంట్లోనే పుట్టాయని నిరూపించడానికి ఇంతకన్నా బలమైన రుజువు నాకు తెలియదు.

అసలు ఇక్కత్‌కూ, ఇక్కత్‌లా కనిపించే అచ్చు బట్టకూ తేడా కూడా ఒక ఆధారమే. పోగుకే రంగు ఎక్కింది కాబట్టి అసలుదానికి రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఈకల్లా కనిపిస్తాయి. అచ్చు బట్ట వెనుక వైపు సాధారణంగా వెలవెలబోతుంది. ఒక పాత్ర చీరను తిరగేసి చూసిందంటే ఆమెకు బట్ట తెలుసని అర్థం. తనకేమీ తెలియదని చెప్పుకునే పాత్ర అలవాటుగా చీర తిరగేసి చూస్తే, అబద్ధం అక్కడే దొరికిపోతుంది.

వాసనను మరచిపోకండి. తేలియా రుమాలు నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలోనూ రోజుల తరబడి మార్చి మార్చి నానబెట్టి సిద్ధం చేస్తారు. అందుకే దానికి ఆ పేరు వచ్చింది, నేసిన తరువాత కూడా ఆ నూనె వాసన దానిని అంటిపెట్టుకుని ఉంటుంది. చీకటి గదిలో ఒకరి ముఖాన్ని బట్టతో అదిమారు, ఆ మనిషి బతికి బయటపడ్డారు, రంగు చూడలేదు కానీ వాసన మాత్రం గుర్తుంది అనుకోండి. ఈ ఒక్క జ్ఞాపకంతో మీ పరిశోధకురాలు యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక దాకా వెళ్లగలదు.

ఒక పోగు లాగి కాల్చి చూడటం పాత పద్ధతే అయినా నమ్మదగినది. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లని ఉండ వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండులా బిగుసుకుంటుంది, నలగదు. స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగి కోటి రూపాయల పట్టు సరుకు కాలిపోయిందని బీమా సొమ్ము కోరుతున్నవారి స్టూడియో బూడిదలో గట్టి గుండ్లు దొరికితే, వేరే సాక్ష్యం అవసరం లేదు.

ఆరీ కుట్టు గొలుసు కుట్టు. ముగింపు ముడి సరిగా పడకపోతే ఆ కొస పట్టుకుని లాగితే వరసంతా జరజరా ఊడిపోతుంది. నీలిమందు కుండలోనుంచి తీసిన నూలు మొదట పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలాక కళ్ల ముందే నీలంగా మారుతుంది. ఇలాంటివి ఇంకా ఎన్నో దొరుకుతాయి. కానీ నవలకు ప్రధాన ఆధారం ఒక్కటే ఉండాలి. మిగిలినవి దారి తప్పించడానికో, ప్రధాన ఆధారానికి తోడు నిలవడానికో వాడుకోవాలి. తెలిసినవన్నీ కుమ్మరిస్తే అది నవల కాక పాఠ్యపుస్తకం అవుతుంది.

తేదీల పట్టిక వేసుకోండి

నా మొదటి చిత్తుప్రతిలో ఒక నేతగాడు రెండు రోజుల్లో డబుల్ ఇక్కత్ పట్టుచీర సిద్ధం చేసి ఇస్తాడు. ఆ అధ్యాయాన్ని పోచంపల్లిలో ఒక పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన చివరిదాకా ఓపికగా విని, "రెండు దినాల్ల చీర యాడ అయితదమ్మా, కట్లు కట్టేటందుకే సాలది గద" అన్నారు. ఆ ఒక్క మాటతో నా కథలో మూడు అధ్యాయాలు పనికిరాకుండా పోయాయి. అయితే ఆ మాటే ఆ తరువాత నాకు దారి చూపింది. పడుగుకూ, అడ్డంగా వెళ్లే పేకకూ కట్లు కట్టి, రంగులద్ది, రెండిటి బొమ్మలూ కలిసేలా నేయడానికి వారాలు పడుతుంది. కాబట్టి ప్రదర్శనకు మూడు రోజుల ముందు ఆర్డర్ వచ్చిందని చెబుతున్న మనిషి అబద్ధమాడుతున్నాడు. తప్పుగా రాసుకున్న కాలమే చివరికి నా నవలలో ఆధారమయింది.

ఒక పెద్ద కాగితం తీసుకుని రెండు వరుసలు గీయండి. పై వరుసలో బట్ట ప్రయాణం రాయండి: నూలు ఎప్పుడు వచ్చింది, కట్లు ఎప్పుడు పూర్తయ్యాయి, అద్దకం, నేత, స్టూడియోకు చేరిన రోజు, మగ్గం వర్క్, ఫిట్టింగ్, ప్రదర్శన. కింది వరుసలో మనుషుల కదలికలు రాయండి. ఎక్కడ ఈ రెండు వరుసలూ పొసగవో అక్కడే మీ రహస్యం ఉండాలి, ఇంకెక్కడా పొసగకపోవడం ఉండకూడదు.

ఏ సంవత్సరంలో కథ జరుగుతోందో కూడా తేల్చుకోండి. ఆసు పోయడం అనే పని సంగతి చూడండి. కట్లు కట్టడానికి ముందు పేక దారాన్ని మేకుల చుట్టూ వేల సార్లు చేతితో తిప్పాలి. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టే ఈ పనిని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేసేవారు, భుజాలు అరిగిపోయేవి. తన తల్లి పడిన ఆ బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రంతో అదే పని సుమారు గంటన్నరలో అయిపోతుంది. మీ నవల 2001లో జరుగుతోందని అనుకుందాం. సాయంత్రమంతా ఇంట్లో కూర్చుని ఒక చీరకు ఆసు పోశానని ఒక పాత్ర చెబుతుంది, పోసిన ఆసు కూడా పోలీసులకు చూపిస్తుంది. చేతితో పోసే కాలానికి అది తిరుగులేని సాక్ష్యం. ఆ ఇంటి వెనుక గదిలో గోనె కప్పి ఉంచిన యంత్రం కనబడిన క్షణంలో మూడు గంటలకు లెక్క తేలకుండా పోతుంది. ఒక తల్లి భుజాల నొప్పి తీర్చిన యంత్రం ఇలా కథకు కీలకం కావడం నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన, కావాలంటే మీరు వాడుకోవచ్చు.

ప్రదర్శన రోజు వేళలు మరీ బిగువుగా ఉంటాయి. ప్రతి మోడల్‌కు రాక్ మీద ఆమె వేసుకోవలసిన దుస్తులు వరుస సంఖ్యతో, ఫొటోతో సహా వేలాడుతుంటాయి. బట్టలు మార్చడానికి దొరికేది కొద్ది నిమిషాలే, అది కూడా సహాయకుల చేతుల మీదుగా జరుగుతుంది. ఆ రద్దీలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూడరు, దుస్తులనే చూస్తారు. హంతకుడు తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఎవరు పరిశోధిస్తారు?

మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు సోదా చేసే అధికారం గానీ, అరెస్టు చేసే అధికారం గానీ లేవు. వారి ఏజెన్సీలను నియంత్రించేందుకు 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. అందుచేత కోటు వేసుకుని పిస్తోలు పట్టుకుని తిరిగే డిటెక్టివ్ ఇప్పటి హైదరాబాద్‌లో నమ్మశక్యంగా ఉండడు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల దుకాణంలో తెచ్చుకుని రాత్రంతా చదివిన నవలల్లోని ఆ వీరుల మీద నాకు ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు, అయినా ఈ కథకు వారు సరిపోరు.

నా సలహా ఏమిటంటే, ఇద్దరిని జంటగా పెట్టండి. ఒకరు పోలీసు అధికారి. ఆయనకు అధికారం ఉంది, బట్ట తెలియదు. మరొకరు బట్ట తెలిసిన మనిషి. రిటైరైన కటింగ్ మాస్టర్ కావచ్చు, నేత కుటుంబంలో పుట్టి నిఫ్ట్‌లో చదువుకుంటున్న అమ్మాయి కావచ్చు, ఎగుమతి కంపెనీలో దుస్తుల లోపాలు పట్టుకునే ఉద్యోగిని కావచ్చు. చివరి రకం మనిషి నాకు బాగా నచ్చుతుంది. రోజంతా కుట్లలో తప్పులు వెతకడమే ఆమె వృత్తి, కాబట్టి ఆమె కన్ను తప్పును వెతకకుండా ఉండలేదు.

పోలీసు పద్ధతులను కొత్త చట్టాల ప్రకారం రాయండి. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలోని 302 అని రాస్తే జాగ్రత్తగల పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అంతకుముందు జరిగిన హత్య అయితే 302 అనే రాయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించి, వీడియో తీయించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. ఆ వీడియోను మీరు చక్కగా వాడుకోవచ్చు. పోలీసులు పదిసార్లు చూసినా పట్టించుకోని రాక్ మీది దుస్తుల వరుసను, ఆ ఉద్యోగిని ఒక్కసారి చూసి, "ఇందులో ఒక చీర తిరగేసి వేలాడుతోంది సార్" అనగలదు.

వర్ణనలో దాచండి

ఈ నవలలో మీకు దొరికే అసలైన వరం ఇదే. మామూలు డిటెక్టివ్ నవలలో బల్ల మీద పడిన తాళంచెవిని వర్ణిస్తే పాఠకుడు వెంటనే అనుమానిస్తాడు. ఫ్యాషన్ నవలలో చీరను వర్ణిస్తే అందం కోసం వర్ణించారని అనుకుంటాడు, చాలాసార్లు కళ్లతో జారుకుంటూ వెళ్లిపోతాడు. ఆ జారుడులోనే మీ ఆధారాన్ని పెట్టాలి. ఒక ఉదాహరణ రాసి చూపిస్తాను.

"ఆమె చీర మడత విప్పింది. మెరూన్ రంగు మీద తెల్లని ఏనుగుల వరుస, ఒకదాని తోక వెనుక ఒకటిగా కొంగు దాకా నడిచి వెళ్తోంది. ఏడో ఏనుగు తొండం కొస దగ్గర తెలుపు కాస్త ఎర్రబారి, అప్పుడే కుంకుమలో ముంచి తీసినట్టు ఉంది. 'చేతి పనండీ, అన్నీ ఒక్కలా ఉండవు, అదే దీని అందం' అంటూ ఆమె కొంగును భుజం మీద పరిచి అద్దం వైపు తిరిగింది. బయట వాన మొదలయింది."

ఇందులో దుకాణం యజమానురాలు చెప్పిన మాట నిజమే. చేతి పనిలో తేడాలు సహజం. ఒక నిజం మరో నిజాన్ని కప్పింది కాబట్టి పాఠకుడు అక్కడ ఆగడు. నూట యాభై పేజీల తరువాత ఒక నేతగాడి ఇంట్లో సగం నేసిన చీర మీద అదే ఏనుగు, అదే తొండం, అదే ఎరుపు కనిపించాలి. నేతలో వచ్చిన తేడా అయితే రెండు చీరల్లో ఒకే చోట ఎలా వస్తుంది? ఈ ప్రశ్న మీ పాత్ర అడగకముందే పాఠకుడికి తట్టే అవకాశం ఉండాలి. అందుకోసం ఈ రెండు సన్నివేశాల మధ్య ఎక్కడో, హత్యతో ఏ సంబంధమూ లేని సందర్భంలో, ఏనుగుల వరుస మొత్తాన్నీ ఒకే నమూనాగా తీసుకుని, ఒకే కట్టు కింద రెండు చీరల పోగులు చేరుస్తారన్న సంగతిని ఒక ముసలావిడ తన మనవరాలికి పని నేర్పుతూ చెప్పాలి. దోషం ఒకచోట, దాని కారణం ఒకచోట, దాని జత మరొకచోట ఉంచి, మూడిటినీ కలిపే పనిని చివరిదాకా ఎవరికీ అప్పగించకండి.

వర్ణనలో ప్రతి చీరకూ ఇలాంటి ఒక ప్రత్యేకత రాయడం కూడా ముఖ్యమే. మొత్తం నవలలో ఒక్క చీరకే మరక ఉంటే అది దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. ఒకదానికి అంచు కాస్త వంకర, ఇంకొకదానికి జరీ నల్లబడిన చోటు, మరొకదానికి మడతలో కలరా ఉండల వాసన ఉండాలి.

మాట తీరులోని మెలికలు

తెలుగులోనే సాధ్యమయ్యే ఒక ఆధారం గురించి చెప్పి తీరాలి. మగ్గం అంటే పోచంపల్లిలో చీర నేసేది. హైదరాబాద్ టైలర్ దుకాణంలో మగ్గం అంటే కుట్టుపని కోసం బట్ట బిగించిన చట్రం. చనిపోయిన డిజైనర్ ఆఖరి సందేశంలో "ఆ చీర ఇంకా మగ్గం మీదే ఉంది" అని ఉందనుకోండి. నేత కుటుంబం నుంచి వచ్చిన సహాయకురాలు దాన్ని చదివి పోచంపల్లికి పరుగెత్తుతుంది, పోలీసులు ఆమె వెంట వెళ్తారు. చీర మాత్రం నగరంలోనే, నాలుగు వీధుల అవతల ఉన్న మేడ మీద గదిలో, చట్రానికి బిగించి ఉంటుంది. ఆ సందేశాన్ని సరిగా అర్థం చేసుకుని, రెండు రోజులు నోరు మెదపని మనిషి ఎవరో తేలితే దోషి తేలినట్టే. ఇది ఏ ఇతర భాషనుంచీ తెచ్చుకోలేని మెలిక, మన మాటలోనే పుట్టింది.

పాత్రల పిలుపుల్లో కూడా ఇంత శ్రద్ధ చూపండి. మగ్గం వర్క్ చేసేవారిలో బెంగాల్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల నుంచి వచ్చినవారు చాలామంది ఉంటారు. వారి నోట అచ్చమైన గ్రాంథిక తెలుగు పెట్టకండి. కటింగ్ చేసే పెద్దాయనను చిన్నా పెద్దా అందరూ "మాస్టర్" అనే పిలుస్తారు. నల్గొండ ప్రాంతపు నేతగాడి యాసను పరిహాసం కోసం కాకుండా, ఆ మనిషి గౌరవం నిలిచేలా రాయండి. నిజమైన డిజైనర్లను, దుకాణాలను దోషులుగా గుర్తుపట్టేలా చిత్రించకండి. ఊళ్ల పేర్లు, చట్టాల పేర్లు నిజమైనవి ఉండవచ్చు, మనుషులు మాత్రం మీ ఊహలోనుంచే రావాలి.

ముగింపు అధ్యాయం, ఆపై సరిచూపు

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పరిశోధకుడు ఉపన్యాసం ఇవ్వగానే దోషి ఏడుస్తూ ఒప్పుకోవడం మన నవలల్లో తరచూ కనిపిస్తుంది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం న్యాయస్థానంలో చెల్లదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. అయితే కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ మాటలో వస్తువు దొరకడానికి సంబంధించిన భాగం చెల్లుతుంది. కాబట్టి మీ చివరి అధ్యాయంలో ఒప్పుకోలు కంటే వస్తువు ముఖ్యం. దోషి నోట వచ్చిన ఒక మాటను పట్టుకుని అధికారి ఒక ట్రంకు పెట్టె తెరిపిస్తాడు, అందులో రంధ్రాలు పొడిచిన బటర్ పేపర్ ఉంటుంది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోగానే తీగ పక్కన అదనపు చుక్క వెలుగుతుంది. అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు.

రాత పూర్తయ్యాక ముగ్గురికి చదవడానికి ఇవ్వండి. ఒకరు నేతపనో కుట్టుపనో తెలిసినవారు, వారు మీ వివరాల్లో తప్పులు చెబుతారు. ఒకరు న్యాయవాది లేదా రిటైరైన పోలీసు అధికారి. మూడోవారు డిటెక్టివ్ నవలలు విపరీతంగా చదివే పాఠకులు అయి ఉండాలి. ఏ పేజీ దగ్గర ఎవరి మీద అనుమానం వచ్చిందో అంచున పెన్సిలుతో రాయమని వారిని అడగండి. ఏడో ఏనుగు ఉన్న పేజీ అంచున వారు ఏదైనా రాశారంటే, ఆ పేరాలో వాన ముందు మొదలుకావాలి, చీర తరువాత విప్పాలి. ఆ మార్పు చేసి, ఇంతవరకు చదవని ఇంకొకరికి ఇవ్వండి.